స్పానిషులో మా అక్కకి ఐదేళ్లు

శుక్రవారం సెలవు పోయి శని, ఆదివారాలు సెలవులైన ఏడాది మా ముదీర్, అంటే మేనేజరు, నా నెత్తిన ఒక కొత్త భాష పెట్టాడు. అప్పట్లో నేను దుబాయ్‌లో అరటిపళ్లు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో కాగితాల పని చూసేదాన్ని. పళ్లు ఈక్వడార్ నుంచి ఓడల్లో వచ్చేవి. పళ్లు వేళకే వచ్చేవి, వాటి కాగితాలే వచ్చేవి కావు. అక్కడి నుంచి పళ్లు పంపే పెద్దమనిషికి ఇంగ్లీషు బాగానే వచ్చు. కానీ కాగితాలు ఆలస్యమైన రోజు మాత్రం ఒక్క ముక్క రానట్టు స్పానిషులోకి జారుకునేవాడు.

"వాడి భాష నువ్వు నేర్చుకో. అప్పుడెక్కడికి పోతాడో చూద్దాం. యల్లా!" అన్నాడు మా ముదీర్. ఆయన జోర్డాన్ మనిషి. ఏ పనైనా యల్లాతో మొదలుపెట్టి ఖలాస్‌తో ముగించేవాడు. ఆ రెంటి మధ్య మేము పడే పాట్లు ఆయనకు కనపడేవి కావు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఇంకో భాష ఎందుకు? తిట్టనీకి నీకు తెలుగు సరిపోతలేదా?" అని నవ్వాడు. మాది హనుమకొండ. షార్జాలో రోలా దగ్గర అద్దెకుండేవాళ్లం. అప్పటికి దుబాయ్ అంటే నాకు తెలిసింది పొద్దున్న బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో ఆఫీసు. తొమ్మిదేళ్లుగా ఆ ఊరికి వెళ్లొస్తూ ఆ ఊరిని చూడని మనిషిని నేను.

క్లాసు కరామాలో, ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో, శనివారం పొద్దున్న. మా టీచరు కొలంబియా దేశస్థురాలు, నా ఈడుదే. నోటికి మాస్కు ఉండటంతో సగం పాఠం చేతులతోనే చెప్పేది. మొదటి రోజు రెండు మాటలు రాసింది. 'పెరో' అంటే 'కానీ'. 'పెర్రో' అంటే కుక్క. తేడా పలకమంది. క్లాసులో ఒక ఇంగ్లీషు కుర్రాడికీ, అతని పక్కవాళ్లకీ నాలుక తిరగలేదు. 'కుక్క' అనబోయి అందరూ 'కానీ' అన్నారు, 'కానీ' అనబోయి ఏమీ అనలేకపోయారు. నా వంతు వచ్చింది. గుర్రం, బుర్ర, కర్ర, ఎర్ర అంటూ పెరిగిన నోరు నాది. పెర్రో అన్నాను. టీచరు చప్పట్లు కొట్టింది. ఆ గర్వం సరిగ్గా వారం రోజులుంది.

తర్వాతి వారం క్రియలొచ్చాయి. 'ఉన్నాను' అనడానికి స్పానిషులో రెండు క్రియలట. ఉన్నదున్నట్టు ఎప్పటికీ ఉండేదానికి ఒకటి, మారిపోయేదానికి ఇంకొకటి. "నేను దుబాయ్‌లో ఉన్నాను" అని రాయమంటే నేను పెన్ను పట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్నాను. వీసా మీద బతికేవాళ్లం ఏ ఉండటం ఉన్నట్టు? నా తటపటాయింపు చూసి టీచరు, "మనందరికీ రెండోదే" అని కన్ను గీటింది.

ఇంటిపని కూడా విచిత్రంగా ఇచ్చేది. పుస్తకంలో ఏమీ రాయనక్కర్లేదు. వారానికోసారి ఊళ్లోకి వెళ్లి, స్పానిషు వచ్చిన మనిషిని వెతికి పట్టుకుని, పది వాక్యాలు మాట్లాడి రావాలి. "ఈ ఊళ్లో లేని దేశం లేదు. వెతకండి" అంది.

వెతికాను. మెట్రోలో ఒకావిడ తీరు చూసి ఆ దేశాల మనిషే అనుకుని, ధైర్యం చేసి "ఓలా!" అన్నాను. ఓలా అంటే నమస్కారం. ఆవిడ నన్ను జాలిగా చూసి, "రోలానా? ఇది షార్జా పోదు బేటీ. యూనియన్‌లో దిగి బస్సెక్కు" అని హిందీలో దారి చెప్పింది. నేను తలూపి, ఆవిడ చూస్తుండగా యూనియన్‌లో దిగాను. దిగాను కాబట్టి బస్సెక్కాను. ఆ వారం ఇంటిపని అంతే.

తర్వాత్తర్వాత నేను అక్కా అని పిలుచుకున్న మనిషి దొరికింది మమ్‌జర్ పార్కులో. మా ఆయన అటు నడకకు వెళ్తే నేను బెంచీ మీద కూర్చుని క్రియలు వల్లిస్తున్నాను. ఎదురుగా ఒకేలాంటి గౌన్లు వేసుకున్న ఇద్దరు కవల ఆడపిల్లలు జారుడుబల్లను కిందినుంచి పైకి ఎక్కుతున్నారు. వాళ్ల వెనక యాభై ఏళ్ల ఆవిడ, నూనె పెట్టి బిగించిన జడ, నూలు చుడీదారు, నడుము మీద చెయ్యి. "బాహాతె దె ఆయి, మి రెయినా! ఆవోరా మీస్మో!" అని అరిచింది. దిగు తల్లీ అక్కణ్నుంచి, ఇప్పుడే, అని. నా టీచరు నోట తప్ప అంత ధారాళమైన స్పానిషు నేను అదే వినడం. అంతలో ఆవిడే గొంతు తగ్గించి, "కాళ్లిరగ్గొడితే గానీ మాట వినరు కదా దేవుడా" అంది.

నేను లేచి నిలబడ్డాను.

"మీరు తెలుగువాళ్లా?"

"ఆయ్. మాది రాజోలు దగ్గరండి. తవరు?"

"హనుమకొండ. మీరు స్పానిష్ ఎక్కడ నేర్చుకున్నరు?"

"ఇది స్పానిషాండి? మా మేడంగారు కాస్తెయానో అంటారు. నేనయితే ఇంటి భాష అంటానండి."

ఆవిడ ఒక వెనెజులా వాళ్లింట్లో పిల్లల్ని చూసుకుంటుంది. పనిలో చేరేసరికి ఆ కవలలు నెలల పిల్లలు. మేడంకి ఇంగ్లీషు రాదు, ఈవిడకీ రాదు. "ఇద్దరికీ రాని ఇంగ్లీషు మధ్యలో ఎందుకండీ? పిల్లలు మాటలు నేర్చుకుంటుంటే వాళ్ల పక్కన కూర్చుని నేనూ నేర్చేసుకున్నాను. వాళ్లతో పాటే తప్పులు మాట్లాడేను, వాళ్లతో పాటే దిద్దుకున్నాను. ఇప్పుడు వాళ్లకి ఐదేళ్లు. స్పానిషులో నాకూ ఐదేళ్లేనండి."

నాకు నేర్పమని అడిగాను. "నేను మీకు నేర్పడవేంటండీ, తవరు చదువుకున్నోళ్లు" అని సిగ్గుపడింది. బతిమాలాను. చివరికి ఒప్పందం కుదిరింది. ఆవిడకు ఆదివారం సెలవు. పొద్దున్న చర్చికి వెళ్లొచ్చాక మధ్యాహ్నం నుంచి నాతో తిరుగుతుంది. నేను ఆవిడకు ఊరు చూపించాలి, ఆవిడ నాకు మాటలు చెప్పాలి. ఊరు నాకూ తెలియదన్న సంగతి నేను చెప్పలేదు.

మొదటి ఆదివారం, ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ క్రీక్ ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టి ఒంటి భాగాలతో మొదలుపెట్టింది.

"కన్ను 'ఓహో' అండి. అందవైంది కనపడితే ఏవంటాం? ఓహో అనవా? చెవి 'ఒరేహా'. ఒరే అని పిలిస్తే వినపడేది చెవికే కదా. జుట్టు 'పేలో'. అందులో ఏవుంటాయో నేను వేరే చెప్పాలా?"

నాకు నవ్వాగలేదు.

"నవ్వుతారేంటండీ, నిజవే. పాలు 'లేచే'. పొయ్యి మీద పెట్టి అటు తిరగండి, లేచి పోతాయా లేదా? గాడిద 'బుర్రో'. ఆ ఒక్కటి మాత్రం వాళ్లు తిరగేసి పెట్టేరండి. లేనిదానికి ఆ పేరెట్టేరు."

"మరి మి రెయినా అంటే?"

"నా రాణీ అని. మగపిల్లాడైతే 'మి రేయ్'. రేయ్ అంటే రాజటండి! రేయ్ అంటే మనకి దెబ్బలాట, వాళ్లకి మర్యాద."

ఆ రోజు నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నేను ఈనాటి వరకూ మరిచిపోలేదు. కరామా క్లాసులో పట్టిక వేసి నేర్చుకున్నవి మాత్రం పట్టికతో సహా పోయాయి.

అలా ఆదివారాలు సాగాయి. పడవ ఎక్కి క్రీక్ దాటేవాళ్లం. మసాలా బజార్లో ఎండు నిమ్మకాయలు వాసన చూసేవాళ్లం. ఏ బస్సు కనపడితే ఆ బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా పోయి, అక్కడ చాయ్ తాగి వెనక్కొచ్చేవాళ్లం. తొమ్మిదేళ్లలో చూడని ఊరిని ఆరు వారాల్లో చూశాను. అక్క ఒక ఆట కూడా పెట్టింది. పడవ దిగిన దగ్గర్నుంచి మళ్లీ పడవ ఎక్కేదాకా తెలుగు మాట్లాడకూడదు. ఎవరు ఏ భాషలో పలకరించినా స్పానిషే.

ఒక ఆదివారం ఆ ఆటలోనే దేరా అత్తరు బజార్లోకి వెళ్లాం. ఆ బజారు కుర్రాళ్లు మనిషి ముఖం చూసి భాష తీస్తారు. ఒక కొట్టు ముందు ఇద్దరు కుర్రాళ్లు మమ్మల్ని హిందీలో పిలిచారు. అక్క స్పానిషులో ఏదో అంది. వాళ్లు తడుముకోకుండా "ఆమీగా, ఆమీగా, బరాతో!" అని లోపలికి రమ్మన్నారు. చవగ్గా ఇస్తాం స్నేహితురాలా అని. మా ఆట అయిపోయిందనుకున్నాను. వాళ్లకీ వచ్చు! కానీ ఆ రెండు ముక్కలతో వాళ్ల సరుకు అయిపోయింది. అక్క మూడో వాక్యం అనేసరికి తెల్లమొహం వేశారు.

అప్పుడు వాళ్లలో ఒకడు రెండోవాడితో, నవ్వు ముఖం చెదరకుండా, తెలుగులో అన్నాడు.

"ఏ దేశపోళ్లురా గీళ్లు? మొకాలు జూస్తే మన దిక్కే గొడ్తున్నయి."

"మెక్సికో గావచ్చు. ఆ పెద్దామె అచ్చం మా మేనత్త లెక్కనే ఉన్నది జూడు."

నేను పెదవి కొరుక్కుని అత్తరు సీసాల వైపు తిరిగాను. జగిత్యాల వైపు యాస అది, సందేహం లేదు. అక్క మాత్రం కనురెప్ప కూడా వేయలేదు. ఒక సీసా తీసి, వాసన చూసి, మళ్లీ స్పానిషులో తీరిగ్గా ఏదో అడిగింది.

"ఆ పై వరసల పాతది ఉన్నది జూడు, గది అంటగట్టు. గీళ్లకేం ఎరుక?" అన్నాడు మొదటివాడు.

రెండోవాడు స్టూలెక్కి ఆ పాత సీసా దించి, దుమ్ము తుడిచి, రాజుగారి కిరీటంలా రెండు చేతులతో అక్కకు అందించాడు. అక్క తీసుకుంది. మణికట్టు మీద రాసుకుంది. "మూయ్ బోనీతో" అంది. చాలా బాగుందని. ఇద్దరి ముఖాలూ వెలిగాయి. అక్క సీసా మూత పెట్టి, మెల్లగా వాళ్ల ముందు బల్ల మీద ఉంచింది.

"ఇది మీ మేనత్తకి పంపించు నాయనా. నేనడిగేనని చెప్పు."

ఆ ఇద్దరూ ఒకేసారి "అయ్యో అమ్మా!" అన్నారు. మేము నవ్వాపుకోలేక బయటికొచ్చి నాలుగడుగులు వేశామో లేదో, మొదటివాడు కాగితం కప్పుల్లో చాయ్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, తప్పయింది. తాగి పోండ్రి. మీ ఊరేది?"

"రాజోలు బాబూ. మీరు చెప్పిన మెక్సికో మా ఊరు దాటేకే" అంది అక్క. ఆట ఓడిపోయింది ఆవిడే. కానీ అంత దర్జాగా ఓడిపోయినవాళ్లను నేను చూడలేదు.

ఆ వారమే ఆఫీసులో కాగితాల గొడవ మళ్లీ వచ్చింది. ఓడ రెండు రోజుల్లో రేవుకు వస్తుంది. పళ్లకు పురుగూ పుట్రా లేదని ఈక్వడార్ ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్టు లేకుండా అవి బయటికి రావు. ఆ పెద్దమనిషి వారం నుంచి "మన్యానా" అంటున్నాడు. మన్యానా అంటే రేపు. పూర్వం దయ్యాలు లోపలికి రాకుండా తలుపుల మీద 'రేపు రా' అని రాసేవాళ్లట. ఆయన మా కంపెనీని ఆ దయ్యాల కింద జమకట్టాడు.

సాయంత్రం ఆరింటికి, అక్కడ పొద్దున్న అయ్యే వేళకు, ముదీర్ నన్ను తన గదిలోకి పిలిచి ఫోను స్పీకర్ మీద పెట్టాడు. "ఇన్నాళ్లు నేర్చుకున్నావుగా. యల్లా!"

నేను మర్యాదైన వాక్యాలు ఐదు కాగితం మీద రాసుకుని వెళ్లాను. దయచేసి, వీలైతే, తమరి సౌకర్యాన్ని బట్టి, ఇలాంటివి. ఐదూ చదివాను. అవతలి నుంచి తీరుబడిగా ఆవులింత వినపడింది. తర్వాత "మన్యానా, సెన్యోరా, మన్యానా."

కాగితం అయిపోయింది. బుర్రలో మిగిలింది అక్క ఒక్కతే.

"మి రేయ్!" అన్నాను. అవతల ఆవులింత మధ్యలో ఆగింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? రేపు కాదు. ఇప్పుడు. ఇప్పుడంటే ఇప్పుడే. నేను మూడు లెక్కపెడతాను."

ఇదంతా స్పానిషులోనే, అక్క గొంతుతోనే. నా చెయ్యి నా ప్రమేయం లేకుండానే నడుము మీదికి పోయింది.

"ఊనో..."

మా ముదీర్‌కి భాష తెలియకపోయినా ఏదో జరుగుతోందని తెలిసి ముందుకు వంగాడు.

"దోస్..."

అవతల కుర్చీ కిర్రుమంది. అక్క పద్ధతిలో రెండు తర్వాత మూడు రాదు. పిల్లలు దిగడానికి టైం పడుతుందని రెండున్నర ఉంటుంది.

"దోస్ ఈ మేదియో..."

"యా వోయ్, యా వోయ్!" అని అరిచాడు ఆయన. వస్తున్నా, వస్తున్నా అని. అరవై దాటిన మనిషి, ఎన్నో తోటల యజమాని, పకపకా నవ్వుతూనే ఎవరినో కేకేశాడు. మేము ఫోను పెట్టేలోపే సర్టిఫికెట్టు మెయిల్లో వచ్చింది.

ముదీర్ కాసేపు తెర వైపు, కాసేపు నా వైపు చూశాడు. "ఏమన్నావు వాడితో?"

"గట్టిగా అడిగాను" అన్నాను.

"ఖలాస్. ఇక నుంచి అందరితో నువ్వే మాట్లాడు" అన్నాడు.

శనివారం క్లాసులో 'ఈ వారం ఏం చేశారు' అని అడిగితే, వచ్చిన ముక్కల్లో ఈ సంగతే చెప్పాను. రెండున్నర దగ్గరికొచ్చేసరికి టీచరు బోర్డుకి ఆనుకుని నవ్వుతూ కిందికి జారిపోయింది. కళ్లు తుడుచుకుని, "మా ఊళ్లో మా అమ్మమ్మ ఇలాగే లెక్కపెట్టేది. ఇది నేను నేర్పలేదే. ఎవరు నేర్పారు?" అని అడిగింది. చెప్పాను. ఆఖరి క్లాసుకి ఆవిడను వెంటబెట్టుకు రమ్మంది.

అక్క వెంటనే ఒప్పుకోలేదు. "బళ్లోకాండి? నేను ఐదో తరగతితో ఆపేసిన మనిషిని. బెంచీ చూస్తే ఇప్పటికీ పారిపోవాలనిపించుద్ది."

"పరీక్ష కాదక్కా. ఊరికే ముచ్చట. నాకోసం రండి."

శనివారం రావడానికి మేడం అనుమతి కావాలి. సంగతి విని మేడం సంబరపడి, తనే దగ్గరుండి జడ వేసి, "టీచరు కొలంబియా మనిషా? అయితే మన పరువు తియ్యకు" అని చెప్పి పంపిందట. అక్క నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని వచ్చింది. క్లాసులో బెంచీ మీద కూర్చోనంది. టీచరు కుర్చీ చూపిస్తే దాని అంచున కూర్చుంది.

టీచరు నెమ్మదిగా, పిల్లలతో మాట్లాడినట్టు, ఇంట్లో ఏం వండుతారని అడిగింది. అరేపా అంది అక్క. మొక్కజొన్న పిండితో చేసే రొట్టె అది, మన దిబ్బరొట్టెకు చిన్న చెల్లెలు.

"ఓ, మా కొలంబియా అరేపా!" అంది టీచరు ఆనందంగా.

అక్క కుర్చీలో వెనక్కి జరిగింది. "కాదు. అరేపా వెనెజులాది."

క్లాసంతా తలలెత్తింది. టీచరు నవ్వుతూనే కాదంది. అక్క నవ్వకుండా ఔనంది. టీచరు పిండి సంగతి తెచ్చింది. అక్క అందులో కూరే మాంసం సంగతి తెచ్చింది. మాట మాటకూ వేగం పెరిగింది. కోనసీమ మనిషి కరామాలో కూర్చుని, తను ఎన్నడూ చూడని వెనెజులా తరఫున, కొలంబియాతో స్పానిషులో పోట్లాడుతోంది. ఇంగ్లీషు కుర్రాడు రాసుకోవడం మొదలుపెట్టి రెండో నిమిషంలో పెన్ను కింద పెట్టేశాడు. చివరికి అక్క చెయ్యెత్తి ఆపి, "మి రెయినా, నువ్వింకా చిన్నపిల్లవి. నీకు తెలీదు" అంది.

టీచరు మళ్లీ నవ్వబోయింది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కరోనా మొదలైనప్పటి నుంచి ఆమె ఇంటికి వెళ్లలేదు. అమ్మమ్మ పోయిన సంగతి కూడా ఫోనులోనే విందట. మి రెయినా అని తనని పిలిచేవాళ్లు ఈ ఊళ్లో లేరంది. అక్క లేచి వెళ్లి, చీర కొంగుతో ఆమె కళ్లు తుడిచి, "ఆదివారం మా ఇంటికి రా. తిన్నాక చెప్పు ఏ దేశానిదో" అంది.

తర్వాత క్లాసు ఎవరికీ గుర్తులేదు. ఇద్దరూ కిటికీ దగ్గర పక్కపక్కనే కూర్చుని మాటల్లో పడ్డారు. నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మొదట్లో రెండు ముక్కలకు ఒకటి అందింది. కాసేపటికి ఐదుకు ఒకటి. ఆ తర్వాత మాటలు రైలు పెట్టెల్లా దూసుకుపోతుంటే స్టేషన్లో నిలబడ్డ మనిషిలా చూస్తూ ఉండిపోయాను. ఇంతలో ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగి చూసి, పడీ పడీ నవ్వారు.

"నా గురించేనా అక్కా?"

"ఆయ్, మీ గురించేనండి."

"ఏమంటున్నరు?"

"అదే మీకు తెలిసిపోతే మేవింక మాట్లాడుకునేదేవుందండీ?" అని మళ్లీ అటు తిరిగిపోయింది.

నేను బయటికొచ్చి, ఆఫీసు గది కిటికీ దగ్గర రెండో తరగతికి పేరు రాయించుకున్నాను. ఎందుకు నేర్చుకుంటున్నారు అని ఫారంలో ఒక గడి ఉంది. మొదటిసారి 'ఉద్యోగం కోసం' అని రాశాను. ఈసారి ఆ గడి ఖాళీగా వదిలేశాను.